ఇంటితో సహా యాత్ర

మొన్న కార్తీకమాసంలో మన సంఘం వనభోజనాల నాడు నలుగురైదుగురు మిత్రులు మా ఇద్దరినీ చుట్టుముట్టి ఒకే ప్రశ్న వేశారు. "అమెరికాలో ఇల్లుబండి కట్టుకొని ఇరవై ఒక్క రోజులు తిరిగి వచ్చారట గదా, ఎంత అయిందేమిటి?" అని. అక్కడి కొండలు ఎట్లా వున్నవి, లోయలు ఎట్లా వున్నవి అని ఒక్కరూ అడగలేదు. అడగవలసిన మాట వారు అడిగారు. సింధనూరు, మాన్వి చుట్టుపట్ల మన క్యాంపుల్లో పిల్లలు పైదేశాల్లో వున్న ఇళ్ళు ఇప్పుడు తక్కువేమీ కాదు. పిల్లలు రమ్మంటారు. వెళ్ళిన తరువాత పెద్దవాళ్ళను నాలుగు గోడలమధ్య కూర్చోబెట్టటం వారికి ఇష్టముండదు. ఇట్లాంటి ప్రయాణమొకటి తలపెడతారు. డబ్బు ఎవరి జేబులోనుంచి వచ్చినా ఖర్చు మాత్రం కుటుంబానిదే. అందుచేత మా చిట్టా పుస్తకం ముందు పెట్టుకొని వ్రాస్తున్నాము. ఈ పుస్తకం ముందు పెట్టుకోవటం మాకు అంత సుఖమైన పని కాదని చదివేవారికి ముందు ముందు తెలుస్తుంది.

మేము వెళ్ళినది 2019 జూన్ నెలలో. మేమిద్దరం, పెద్దబ్బాయి, కోడలు, మనుమరాలు, వెరసి ఐదుగురం. దానిని అక్కడ మోటారు హోమ్ అంటారు. మేము ఇల్లుబండి అనే పేరు పెట్టుకున్నాము. పొడవు 28 అడుగులు, ఎత్తు 12 అడుగులు. లోపల గ్యాసు పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది, వెనుక ఒక మంచం, భోజనాల బల్లను మడిస్తే ఇంకొక మంచం, డ్రైవరు తలమీద అటక వంటి పక్క. ఆ అటక మా మనుమరాలిది. బండి అడుగున మూడు తొట్లు వుంటాయి. ఒకటి మంచినీళ్ళకు, ఒకటి అంట్లు కడిగిన నీళ్ళకు, మూడోది మరుగుదొడ్డికి. ఈ మూడోదానికి రెండు రోజులకొకసారి లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చెయ్యాలి. చేసేవాళ్ళు వేరే ఎవరూ రారు. లక్షలు పోసి చదివించిన మా అబ్బాయి చేతులకు తొడుగులు వేసుకొని ఆ పని చేస్తూ వుంటే మేము మరోవైపు తిరిగి కొండలు చూచేవాళ్ళము.

లాస్ ఏంజిలిస్ దగ్గర బండి తీసుకొని లాస్ వేగాస్ మీదుగా జయాన్, బ్రైస్ లోయలు చూచి, సాల్ట్ లేక్ సిటీ దాటి ఎల్లోస్టోన్ పోయి, తిరుగుదారిలో పేజ్, గ్రాండ్ కాన్యన్ చూచుకొని వచ్చాము. 2,650 మైళ్ళు. ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడిన పార్కు, లోకంలో జాతీయోద్యానాలకన్నిటికీ పెద్దన్న. అక్కడ భూమిలోనుంచి వేడినీళ్ళు ఎగజిమ్మటం చూచాము. ఆ వర్ణనలు చాలామంది వ్రాశారు; మేము చెప్పదలచినది వేరు.

బండి అద్దె రోజుకు 125 డాలర్లు. ఇరవై ఒక్క రోజులకు 2,625. వినగానే, ఇల్లూ కారూ కలిపి ఇంతేనా అనిపిస్తుంది. అసలు పోటు తరువాత వస్తుంది. నడిచిన ప్రతి మైలుకూ 35 సెంట్లు అదనం. దానికింద 928 డాలర్లు పోయినవి. ఆ బండి గ్యాలను పెట్రోలుకు తొమ్మిది మైళ్ళకు మించి నడవదు, పెట్రోలుకు 940. రాత్రి ఎక్కడపడితే అక్కడ నిలుపుకుందామంటే కుదరదు. నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం వున్న క్యాంపులో చోటు నెలల ముందే కుదుర్చుకోవాలి. ఇరవై రాత్రులకు 840. బీమా, పన్ను, దుప్పట్లు, గిన్నెల అద్దె, చివర బండి అప్పగించేటప్పుడు తొట్టి శుభ్రంగా లేదని వాళ్ళు పట్టుకున్నదీ కలిపి 520. బియ్యం, కూరలు, పాలు, పెరుగు వగైరా సామానుకు 690. గ్యాసుకూ, కరెంటు లేని చోట జనరేటరుకూ 62. పార్కులన్నిటికీ కలిపి ఏడాది పాసు అప్పట్లో 80 డాలర్లు; అది లేకపోతే ఎల్లోస్టోన్‌కూ గ్రాండ్ కాన్యన్‌కూ వేరువేరుగా 35 చొప్పున కట్టవలసివచ్చేది. ఇంకొక 15 డాలర్ల సంగతి చెప్పాలి. జయాన్ దగ్గర 1930లో పూర్తయిన సొరంగం వున్నది, మైలుకు కొంచెం ఎక్కువ పొడవు. మన బండి ఎత్తుకు దానిలో ఒక వరుసలో పోవటం కుదరదు, నడిమధ్యగా పోవాలి. అందుకని అప్పట్లో అవతలివైపు వచ్చే బళ్ళనన్నిటినీ ఆపి మనల్ని పంపేవారు. దానికి 2019లో 15 డాలర్లు. ఎదురుగా అరమైలు దూరం కార్లు మనకోసం ఆగి వుండటం చూచి మాకు మంత్రిగారికి దక్కే మర్యాద దక్కినట్లయింది.

అన్నీ కూడితే 6,700 డాలర్లు. అప్పుడు డాలరు ఇంచుమించు 70 రూపాయలు. అంటే 4,69,000. మనిషికి రోజుకు సుమారు 4,470 రూపాయలు.

కారులో తిరిగి మోటళ్ళలో దిగివుంటే ఎంతయ్యేదని కోడలితో కూర్చొని లెక్కవేశాము. ఐదుగురికి రెండు గదులు కావాలి. గది 115 చొప్పున ఇరవై రాత్రులకు 4,600. అబ్బాయి సొంత కారే కనుక పెట్రోలు 340తో సరి. మూడుపూటలా బయట తింటే ఎంత పొదుపుగా తిన్నా 2,940. పాసుతో కలిపి 7,960. ఇల్లుబండిలో 1,260 డాలర్లు మిగిలినవని అబ్బాయి సంతోషించాడు. కోడలు మెల్లిగా, "ఎలక్ట్రిక్ కుక్కరు వెంట తీసుకుపోతే?" అన్నది. మోటలు గదిలో అన్నం వండుకొని, పొడులు, పచ్చళ్ళు, పెరుగు పెట్టుకొని, కూర ఒక్కటే బయట కొనుక్కుంటే తిండి ఖర్చు సగానికి దిగి 1,500 అవుతుంది. అప్పుడు కారు యాత్ర మొత్తం 6,520. ఇల్లుబండికన్న 180 తక్కువే. ఇంత పెద్ద బండి లాభమంతా ఒక కుక్కరు తినివేసింది!

భార్యాభర్తలిద్దరే వెళ్ళదలచినవారు ఇంకొక లెక్క చూడాలి. మనుషులు తగ్గినా బండి అద్దె తగ్గదు, మైలు చార్జీ తగ్గదు, క్యాంపు రుసుము తగ్గదు. తగ్గేది కూరగాయలూ, దుప్పట్లూ. ఇద్దరికి మా దారినే 6,200 దాకా అయ్యేది. అదే ఇద్దరు కారులో ఒక గది తీసుకొని కుక్కరుతో వెళ్తే 3,320. దాదాపు సగం. కనుక ఐదుగురో ఆరుగురో వుంటేనే ఇల్లుబండి. అది కూడా మైళ్ళు తక్కువ, మకాములు ఎక్కువ పెట్టుకుంటేనే. మేము ఎల్లోస్టోన్‌కు పరుగెత్తి రావటంతో మైళ్ళు, పెట్రోలు కలిపి ఎంత పోయిందో పైన చూచారు. ఆ పరుగు మానివుంటే వెయ్యి డాలర్లు మిగిలేది. పైగా మకాంలో ఇల్లు దించుకున్న తరువాత పాలు కావలసివచ్చినా ఇల్లంతా సర్దుకొని, గొట్టాలు ఊడదీసి, గిన్నెలు కట్టి, ఇంటితో సహా అంగడికి పోవాలి.

అయితే అంకెలకు అందనిదీ వున్నది. మాలో ఒకరికి మధుమేహం. వేళకు జొన్నరొట్టె, వేళకు మజ్జిగ. బయటి తిండి పడదు, ప్రతి గంటకూ బాత్రూము చూపించమని ఎవరినీ అడగలేము. ఆ బాధలు ఇరవై ఒక్క రోజులూ లేవు. మనుమరాలు అటకమీద బోర్లా పడుకొని తల కిందికి వేలాడేసి రాత్రి పదింటిదాకా మాతో తెలుగులో కబుర్లు చెప్పింది. వాళ్ళ ఇంట్లో అయితే తన గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. 115 డాలర్ల గదిలో కూడా అంతే. ఈ పద్దు ఏ వైపు వ్రాయాలో మాకు తెలియలేదు.

విమానం టిక్కెట్లు ఇందులో కలపలేదు. ఆరు నెలలు పిల్లల దగ్గర వుండటానికి పోయాము కనుక వాటిని యాత్రకు వెయ్యటం న్యాయం కాదని అబ్బాయి వాదన. కేవలం యాత్రకోసమే పోయేవారు మాత్రం ఇద్దరి టిక్కెట్లు, అప్పట్లో మనిషికి 160 డాలర్ల వీసా రుసుము, డెబ్బై దాటినవారికి బాగా బరువుగా పడే ఆరోగ్య బీమా, అన్నీ కలుపుకొని చూచుకోవాలి.

ఇక మన లెక్కలోకి వద్దాము. 2018–19లో వడ్లకు ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 1,750 రూపాయలు. మా యాత్ర ఖరీదు 268 క్వింటాళ్ళ వడ్లు. మా పొలంలో ఎకరానికి 28 క్వింటాళ్ళు చేతికొస్తాయి. ఎరువులు, కూలీలు, కోతమిషను ఏదీ తీయకుండా తొమ్మిదిన్నర ఎకరాల పంట ఇరవై ఒక్క రోజుల్లో రోడ్డుమీద నడిచిపోయింది. అందులో మా వంతు రెండు లక్షలు. మిగతాది అబ్బాయి పెట్టుకున్నాడు. మేము ఆ రెండు లక్షలకు వడ్లు తోలాము.

ఇక్కడ మా అత్తయ్యగారి మాట చెప్పాలి. ఆమె పుట్టినది దివిసీమలో, అవనిగడ్డ దగ్గర. 1958లో, పదేళ్ళ పిల్లగా వున్నప్పుడు, పెద్దలు అక్కడి రెండెకరాలు అమ్మి తుంగభద్ర ఎడమగట్టు కాలువ కింద భూమి కొన్నారు. అప్పటికి ఆనకట్ట కట్టి ఐదేళ్ళు. రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంనుంచి మైసూరు రాష్ట్రంలోకి వచ్చి రెండేళ్ళు. గుంటూరులో మీటరుగేజి రైలెక్కి, గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోస్పేటలో దిగి, అక్కడనుంచి గూడుబండిలో మూడు రాత్రులు వచ్చారట. బండి కింద లాంతరు, బండి వెనుక కట్టిన మేక, చెట్టుకింద మూడు రాళ్ళ పొయ్యి. చిన్నతనంలోనే భర్త పోయి, మా ఇంటిలోనే వుండిపోయి, మమ్మల్ని పెంచి, మా పిల్లల్ని పెంచింది. ఇంటి చిట్టా వ్రాసేది మొదటినుంచీ ఆమే. నేటికీ ఆమే. మేము ముందు పెట్టుకొన్న పుస్తకం అదే.

2019లో తిరిగి వచ్చినప్పుడు, "మీ వంతు ఎంతయిందర్రా?" అని పుస్తకం తెరిచి అడిగింది. రెండు లక్షలని చెప్పటానికి నోరు రాలేదు. లక్ష అన్నాము. వ్రాసుకొన్నది. ఏమీ అనలేదు.

ఐదేళ్ళు గడిచినవి. నడుమ 2023లో వానలు తప్పి కాలువ ఎండింది. మరుసటి ఏడు, 2024 ఆగస్టు 10 రాత్రి, ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. వారంలోగా తాత్కాలికంగా అడ్డు దింపేదాకా క్యాంపులో ఎవరికీ నిద్ర లేదు. ఆ డిసెంబరులో అబ్బాయి, కోడలు, మనుమరాలు వచ్చారు. ఎక్కడికైనా పోదామంటే మనుమరాలే, "ఇక్కడ కూడా ఇల్లుబండి కడదాం నాయనమ్మా, తాతమ్మను కూడా తీసుకుపోదాం" అన్నది. అమ్మాయి, అల్లుడు, మనుమడు కూడా కలిసి తొమ్మిదిమందిమి అయ్యాము. మన క్యాంపు పిల్లవాడి టెంపో ట్రావెలరు మాట్లాడాము. వెనుక రెండు సీట్లు తీయించి గ్యాసు పొయ్యి, నీళ్ళ డబ్బాలు, బియ్యం, అత్తయ్యకు ఒక పరుపు పెట్టుకున్నాము.

ఐదు రోజుల్లో మా జిల్లానే చుట్టాము. సిగ్గుచేటేమిటంటే, ఈ జిల్లాలో పుట్టి పెరిగిన మేము గ్రాండ్ కాన్యన్ చూచాము గాని, ముప్ఫై కిలోమీటర్లలో వున్న మస్కి బండ చూడలేదు. 1915లో బంగారు గనుల ఇంజనీరు బీడన్ అక్కడ శాసనం కనిపెట్టేదాకా, దేవానాంప్రియుడని శాసనాల్లో చెప్పుకున్న రాజు అశోకుడేనని రాతిమీద సాక్ష్యం లేదు. ఆ పేరు చెప్పిన మొదటి బండ అది. దానికి దగ్గరలో వేపచెట్టు కింద ఉప్మా చేసుకొని తిన్నాము. ముదగల్లు కోట కందకం చూచాము. కృష్ణ పాయల మధ్య జలదుర్గం చూచాము. హట్టి బంగారు గనుల పక్కగా పోతూ, లోపలికి పోనివ్వరు గనుక గుట్టలుగా పోసిన రాతిపొడి చూచి సంతృప్తిపడ్డాము.

రాయచూరులో చాలాసేపు ఆగాము. బస్టాండు దగ్గర కోటగోడలో 41 అడుగుల పొడవైన ఒకే రాయి వున్నది. దానిమీద తెలుగు శాసనం. 1294లో గోన గన్నయ్యరెడ్డి సేనాని విఠ్ఠలనాథుడు ఆదవాని, మానువ మొదలైన కోటలు గెలిచి ఈ కోట కట్టించాడని అందులో వున్నది. మానువ అంటే మన మాన్వి. గోన గన్నారెడ్డి నవల చదివినవారు మనలో వున్నారు, ఆ గన్నారెడ్డే. ఏడు వందల ఏళ్ళ పైచిలుకు కిందట ఈ నేలమీద తెలుగు అక్షరం చెక్కించినవారున్నారని, మనమేదో నిన్న మొన్న కాలువతోపాటు వచ్చామనుకొనే మన పిల్లలకు చూపించవలసిన రాయి. ఆ గోడమీదనే ఇంకొక బొమ్మ వున్నది. ఆ పెద్దరాతిని చక్రాల బండిమీద పెట్టి, వరుసలు వరుసలుగా దున్నలను కట్టి లాగటం, మనుషులు చక్రాలకు సన్నకోలలు వేసి ఎత్తటం.

అత్తయ్య ఆ బొమ్మ ముందు కుర్చీ వేయించుకొని కూర్చున్నది. అక్షరాలు పాతవి; ఒకటి రెండు పోల్చుకొని, తక్కినవి వదిలిపెట్టింది. దున్నలను మాత్రం లెక్కపెట్టసాగింది. "ఇన్నిటికి రోజుకు దాణా ఎంతవుతుందో" అన్నది. ఆ తరువాత మావైపు చూడకుండానే, "ఏమర్రా, ఆ ఏడు లక్ష రూపాయలకని అన్ని బస్తాలు తోలారెందుకు?" అన్నది.

మా ఇద్దరికీ నోట మాట రాలేదు. బస్తాలు లెక్కబెట్టి లారీకెత్తించినది ఆమే గదా. ఐదేళ్ళనుంచీ ఆమెకు తెలుసు.

"మీరు పోయినందుకు కాదర్రా. నాకు తక్కువ చెప్పారే, అని" అన్నది. ఇంకేమీ అనలేదు. అబ్బాయి కొబ్బరిబోండాలు తెచ్చాడు, తాగాము.

మరునాడు కృష్ణలో పుట్టి ఎక్కి కురువపురం పోయాము. బిచ్చాలి, మంత్రాలయం చూచుకొని మాన్వి దారిన ఇల్లు చేరాము. పుట్టిలో అత్తయ్య చెయ్యి నీళ్ళలో పెట్టి, "ఈ నీళ్ళే గదా మా ఊరి పక్కన సముద్రంలో కలిసేది" అన్నది. 1977 నవంబరు ఉప్పెనలో ఆమె పుట్టిన ఇల్లు, ఆ ఇంట్లోని వారూ పోయిన తరువాత ఆమె దివిసీమ తొక్కలేదు. మేము పెళ్ళిళ్ళకు పోయేవాళ్ళము. ఆమెను రమ్మని మాటవరసకు అనేవాళ్ళము; ఆమె రాననేది; మేము వెళ్ళిపోయేవాళ్ళము.

ఆ ఐదు రోజుల చిట్టా కూడా వ్రాయాలి గదా. వ్యాను 520 కిలోమీటర్లకు, కిలోమీటరుకు 24 చొప్పున, 12,480. డ్రైవరు బత్తా 2,500. మూడు గదులు నాలుగు రాత్రులకు 14,400. సామాను, టిఫిన్లు 6,000. పుట్టి, టిక్కెట్లు, పూజలు 1,620. వెరసి 37,000. తొమ్మిదిమందికి మనిషికి రోజుకు 822 రూపాయలు. అబ్బాయి డాలర్లలోకి మార్చి, "ఇది అమెరికా బండికి మూడున్నర రోజుల అద్దె" అన్నాడు. స్నానాల గది లేదు, అటక లేదు, లింగసుగూరు దగ్గర రోడ్డు గుంతలకు పప్పు గిన్నె ఒరిగి పరుపుమీద పడ్డది. అయినా మురుగు గొట్టం పట్టుకోవలసిన పని ఎవరికీ పడలేదు. ఈసారి పుస్తకంలో సరైన అంకెలే వ్రాయించాము. 2019 పుటలో కూడా లక్ష కొట్టివేసి రెండు లక్షలని అత్తయ్యే దిద్దింది. పక్కన తేదీ వేసింది.

మొన్న దసరాకు అబ్బాయి ఫోను చేసి, వచ్చే వేసవిలో అలాస్కాకు నలభై రోజుల ఇల్లుబండి యాత్ర పెట్టుకుందాము, మీరిద్దరూ రండి అన్నాడు. పాత లెక్కనే చూచినా పన్నెండు వేల ఏడువందల డాలర్లకు పైమాట. ఇప్పుడు డాలరు 85 దాటింది కనుక పదిన్నర లక్షలు మించుతుంది. మా వంతు అడగనన్నాడు. మేము వద్దనలేదు, మనుమరాలు అటకమీదనుంచి తల వేలాడేసే వయసు ఇంకెన్నాళ్ళుంటుంది? కాని ఇట్లా చెప్పాము: నలభై వద్దు, పన్నెండు చాలు. అలాస్కా వద్దు, మీ ఊరికి దగ్గరలో రెండే మకాములు. మీ అత్తమామలను కూడా పిలిస్తే ఏడుగురవుతారు, బండికి అద్దె గిట్టుతుంది. కుదరకపోతే కారు, కుక్కరు. వాడు నవ్వి, కోడలిని అడిగి చెబుతానన్నాడు.

దానికన్న ముందు మాకు వేరే ప్రయాణమున్నది. సంక్రాంతి దాటిన వారం, అదే వ్యానులో, కర్నూలు, నంద్యాల, గుంటూరు మీదుగా అవనిగడ్డ. రానూపోనూ, అక్కడ తిరగటమూ కలిపి 1,350 కిలోమీటర్లు; వ్యానుకు 32,400, ఆరు రోజుల బత్తా 3,000. గదులూ తిండీ కలిపి అరవై వేలలో సరిపెట్టాలని అత్తయ్య పుస్తకంలో ముందే గీత గీసి పెట్టింది. ఈసారి రాననలేదు. అక్కడ ఎవరి ఇంట్లో దిగాలని అడిగితే, "ఎవరింట్లోనో ఎందుకు, బండి వున్నది గదా" అన్నది. డ్రైవరు ఐదువేలు అడ్వాన్సు అడిగాడు. నిన్ననే ఇచ్చాము.